బరువు తెలిసేది బండి ఆగాకే

సంపాదకులకు,

కొత్త బైకుల మీద పత్రికల్లో వచ్చే సమీక్షల్లో సీసీ ఎంత, టార్క్ ఎంత, మైలేజీ ఎంత అని పేరాలకు పేరాలు ఉంటాయి. బరువు మాత్రం చివరి పట్టికలో ఒక అంకెగా మిగిలిపోతుంది. 200 కిలోలు దాటిన బండి విషయంలో అది చిన్న అంకె కాదు. నడుస్తున్నంతసేపూ ఆ బరువు తెలియదు. బండి ఆగినప్పటి నుంచి స్టాండ్ నేలకు ఆనేదాకా దాన్ని నిలబెట్టేది నడిపేవారి కాళ్లే. వంగిన క్లచ్ లివర్, విరిగిన ఇండికేటర్, సొట్టపడ్డ ట్యాంకు, ఇవన్నీ వేగం సున్నా ఉన్నప్పుడూ జరుగుతాయి. అందుకే స్టాండ్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

సైడ్ స్టాండ్ వేసేటప్పుడు కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు మీదే ఉండాలి. ఎడమ పాదంతో స్టాండ్‌ను ముందుకు, ఇక కదలదు అనిపించేదాకా తోయాలి. సగంలో ఆగిన స్టాండ్ పైనుంచి చూస్తే వేసినట్టే కనిపిస్తుంది. బండి దాని మీదకు వాలగానే వెనక్కి ముడుచుకుంటుంది. అందుకని బరువు వదిలేముందు పాదంతో ఇంకోసారి ముందుకు తట్టి చూసుకోవాలి. ఆ తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి, బండిని మెల్లగా ఒరిగించి, అది కుదురుగా కూర్చుందని తెలిశాకే దిగాలి. చాలామంది ఒక కాలు గాల్లో ఉండగానే స్టాండ్ వెతుక్కుంటారు. తేలికబండికి అది చెల్లుతుంది, దీనికి చెల్లదు.

ఏటవాలు నేల మీద అసలు సంగతి స్టాండ్ ముడుచుకునే దిశలో ఉంది. సైడ్ స్టాండ్ వేయడానికి ముందుకు వస్తుంది, తీస్తే వెనక్కి పోతుంది. బండి ముందు చక్రం పల్లం వైపు ఉందనుకోండి. ఏ కాస్త కదిలినా బండి ముందుకే జారుతుంది, స్టాండ్ కాలు నేల మీద ఉన్నచోటే ఉండిపోతుంది, అంటే బండే తన స్టాండ్‌ను తాను ముడుచుకుంటుంది. అదే ముందు చక్రం మిట్ట వైపు ఉంటే బండి వెనక్కి జారాలని చూస్తుంది. అప్పుడు స్టాండ్ దాని అడ్డుకు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. కాబట్టి ఏటవాలు మీద ఎప్పుడూ ముక్కు పైకే. అడ్డంగా పెడితే రెండు వైపులా ఇబ్బందే: ఎడమవైపు మిట్టయితే బండి దాదాపు నిటారుగా నిలిచి, చెయ్యి తగిలితే కుడివైపుకు పడుతుంది, ఎడమవైపు పల్లమైతే మరీ వాలిపోయి, తీసేటప్పుడు పైకి లేవనంటుంది.

పార్కు చేశాక మొదటి గేరులో ఉంచడం మరువకూడదు. న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని ఆపేది ఏమీ లేదు. గేరులో ఉంటే ఇంజిన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయేటప్పటి అడ్డు, చక్రాన్ని పట్టుకుంటుంది. అయితే గేరులో పెట్టినా బండి కొద్దిగా అటూఇటూ కదులుతుంది, అది గేర్లలోనూ చైనులోనూ ఉండే ఖాళీ. క్లచ్ వదిలి, బ్రేకు మెల్లగా సడలిస్తూ బండి ఎటు జారుతుందో అటు జారనివ్వండి. గేరు పట్టి ఆగాక స్టాండ్ మీదకు ఒరిగించండి. ఈ క్రమం తప్పితే, దిగి రెండడుగులు వేశాక బండి మిగిలిన ఖాళీ మేరకు జరుగుతుంది. వాలు మరీ ఎక్కువగా ఉంటే వెనక చక్రానికి వెనక ఒక రాయి.

ఇక నేల గట్టితనం. ఒక లెక్క చూడండి. 200 కిలోల బండి వాలినప్పుడు బరువులో మూడో వంతు స్టాండ్ మీద పడిందనుకుంటే దాదాపు 65 కిలోలు. స్టాండ్ పాదం 4 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు అయితే 16 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. తడిమట్టి, ఇసుక, మిట్టమధ్యాహ్నపు ఎండకు మెత్తబడ్డ తారు దీన్ని తట్టుకోలేవు. పెట్టినప్పుడు ఏమీ అనిపించదు, అరగంటలో పాదం నెమ్మదిగా దిగబడుతుంది. 10 సెంటీమీటర్ల చదరపు పలక ఒకటి కింద వేస్తే అదే బరువు 100 చదరపు సెంటీమీటర్లకు పరచుకుని, ఒత్తిడి ఆరో వంతుకు దిగుతుంది. రేకు ముక్క, చెక్క, చదునైన రాయి, ఏదైనా పరవాలేదు. గుండ్రాయి మాత్రం వద్దు. చెక్కకు ఒక చిల్లు పెట్టి తాడు కట్టుకుంటే బండి నిటారుగా లేపాక వంగకుండానే లాగి తీసుకోవచ్చు.

లగేజీ కట్టినప్పుడు ఎదురయ్యే చిక్కు కొత్తవాళ్లకు తట్టదు. వెనక బరువు పెరిగితే షాక్ అబ్జార్బర్లు కుంగుతాయి, బండి కిందికి దిగుతుంది. స్టాండ్ పొడవు మాత్రం అంతే ఉంటుంది. ఫలితంగా బండి నిటారుగా నిలుస్తుంది, ఎడమవైపు నుంచి ఒక గాలి విసురు చాలు దాన్ని కుడివైపుకు పడేయడానికి. కురచ షాక్‌లు వేయించి బండి ఎత్తు తగ్గించుకున్నవారికి ఇదే బాధ రోజూ ఉంటుంది. వాళ్లు స్టాండ్‌ను కూడా ఆ మేరకు కురచ చేయించుకోవాలి. షాక్ బిగించి ఎత్తు పెంచితే దీనికి తిరగబడి, బండి ఎక్కువ వాలుతుంది. ప్రయాణానికి సంచులన్నీ కట్టాక ఒక్కసారి స్టాండ్ వేసి, దూరంగా నిలబడి వాలు చూసుకుంటే తెలిసిపోతుంది.

సైడ్ స్టాండ్ మీదున్న బండెక్కి కూర్చుని కబుర్లు చెప్పడం మానుకోవాలి. ఆ బరువంతా ఒక్క బోల్టు మీద, ఫ్రేముకు వెల్డింగ్ చేసిన చిన్న పట్టీ మీద పడుతుంది. పట్టీ వంగినా, వెల్డింగ్ దగ్గర సన్నని పగులు వచ్చినా మొదట్లో కనపడదు. బండి రోజురోజుకూ కాస్త ఎక్కువ వాలుతున్నట్టుంటే ముందు అక్కడ చూడాలి.

సెంటర్ స్టాండ్, అదే మనం డబుల్ స్టాండ్ అనేది, కండబలంతో వేసేది కాదు. చేతులతో లేపబోతే నడుము పట్టేస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఎడమవైపు నిలబడి, హ్యాండిల్ తిన్నగా ఉంచి, ఎడమచేత్తో ఎడమ గ్రిప్పు, కుడిచేత్తో వెనక కమ్మీ పట్టుకోవాలి. కుడి పాదంతో స్టాండ్‌ను నేలకు ఆనించి, బండిని కొద్దిగా అటూఇటూ ఊపాలి. స్టాండ్ రెండు కాళ్లూ నేలను తాకినట్టు పాదానికి తెలుస్తుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక్క కాలే ఆనితే ఎంత తొక్కినా బండి లేవదు, పైగా పక్కకు తిరుగుతుంది. రెండూ ఆనాక మోకాలు నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా స్టాండ్‌కు ఉండే తొక్కే కమ్మీ మీద మోపాలి. బండి పైకీ వెనక్కీ తనే ఎక్కుతుంది, కుడిచెయ్యి దారి చూపిస్తే చాలు. అలవాటుకొద్దీ ముందు బ్రేకు పట్టుకుంటే మాత్రం లేవదు, ఎందుకంటే బండి వెనక్కి కదలాలి. గట్టి అడుగున్న బూటు ఉండాలి, చెప్పుల కాలు జారి పిక్కకు కమ్మీ తగులుతుంది. అయినా లేవకపోతే వెనక టైరును సెంటీమీటరున్నర మందం చెక్క మీదకు ఎక్కించి ప్రయత్నించండి, సగం పని తగ్గుతుంది. టైర్లో గాలి తక్కువున్నా ఇదే స్టాండ్ మొండికేస్తుంది.

దించేటప్పుడు ముందే సైడ్ స్టాండ్ వేసి ఉంచుకుంటే బండి ఎడమవైపు తూలినా ఆసరా ఉంటుంది. ముందుకు తోసి, చక్రం నేలను తాకగానే ముందు బ్రేకు పట్టాలి. ముక్కు పల్లం వైపున్న చోట ఈ స్టాండ్ కూడా వేయకూడదు, బండి తనంతట తానే దిగిపోగలదు.

తోసేటప్పుడు బండిని మనవైపు కొద్దిగా వాల్చి, తుంటిని సీటుకు ఆనించాలి. ఆవలివైపు వాలితే ఆపడం మన వల్ల కాదు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బండి తిరిగినవైపుకు కుప్పకూలుతుంది. హ్యాండిల్ తిన్నగా చేసి, అప్పుడు నొక్కాలి. ముక్కు పల్లంలోకి పెట్టి ఆపేవాళ్లు తిరిగి బయటికెలా వస్తామో ఆలోచించరు. నూటికి పది వంతుల వాలులో 200 కిలోల బండిని వెనక్కి లాగాలంటే 20 కిలోల బలం ఎడతెగకుండా కావాలి, అదీ కాలివేళ్ల మీద నిలబడి. వెనక చక్రాన్ని లోపలికి పెట్టి ఆపితే వచ్చేటప్పుడు ఇంజినే లాక్కొస్తుంది.

పడబోతున్న బండి ఇంకా నిటారుకు దగ్గరగా ఉన్నప్పుడే నిలుస్తుంది. బాగా ఒరిగాక వదిలేసి కాలు తప్పించుకోవడమే. పడ్డాక ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే మీట), తాళం ఆపి, పెట్రోలు కారుతుందేమో చూడాలి. కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ వేసి, గేరులో పెట్టాలి, లేకపోతే లేపిన ఊపులో అవతలివైపు పడుతుంది. హ్యాండిల్‌ను నేలవైపుకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో కింది గ్రిప్పు, ఇంకో చేత్తో ఫ్రేము లేదా కమ్మీ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. లేపేది తొడలు, నడుము కాదు. సైలెన్సర్ వేడి మరువకండి.

స్టాండ్ బోల్టును బురద కడిగి గ్రీజు పెట్టడం, స్ప్రింగులు సాగాయేమో చూడడం పది నిమిషాల పని. సాగిన స్ప్రింగు గతుకుల్లో స్టాండ్‌ను కిందికి వదులుతుంది. ఎడమ మలుపులో అది రోడ్డుకు తగిలితే వెనక చక్రం లేస్తుంది. గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతుంటే చాలాసార్లు స్టాండ్ స్విచ్‌లో, అంటే స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఇంజిన్‌ను ఆపేసే స్విచ్‌లో, మట్టి చేరడమే కారణం. శుభ్రం చేస్తే పోయేదానికి వైర్లు కలిపేసి స్విచ్‌ను చంపేయడం ఎందుకో!

సమీక్షకులను కోరేది ఇంతే. బండి బరువు నిండు ట్యాంకుతో ఎంతో రాయండి, ఎందుకంటే 15 లీటర్ల పెట్రోలే దాదాపు 11 కిలోలు, అదీ బండి పైభాగంలో. సీటు ఎత్తు, సెంటర్ స్టాండ్ ఉందా, లేకపోతే బిగించే వీలైనా ఉందా, వెనక పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవీ చేర్చండి. పట్టికలో నాలుగు వరుసలు చాలు.

ఇట్లు,
ఒక బైకు మెకానిక్