కరెంటు బిల్లు నుంచి చార్టు దాకా

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ పీరియడ్లలో స్ప్రెడ్‌షీట్‌తో (గడుల్లో అంకెలు రాసి లెక్కలు వేసే ప్రోగ్రామ్) చార్టులు గీయడం నేర్పుతున్నాం. దానికోసం మీ ఇంటి కరెంటు బిల్లులు కావాలి. ఒకటో రెండో కాదు, వరసగా పదమూడు నెలలవి. పన్నెండు ఎందుకు చాలవో కింద రాశాం.

నిజానికి చార్టు గీయడానికి అర నిమిషం పట్టదు. అంకెలున్న సెల్స్‌ని (గడుల్ని) పైన శీర్షికతో సహా సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్ మెనూలో చార్ట్ నొక్కితే బొమ్మ వచ్చేస్తుంది. వచ్చిన బొమ్మ తప్పో ఒప్పో కనిపెట్టడానికే మూడు వారాలు పెట్టుకున్నాం.

మొదటి పీరియడ్‌కి దేశ జనాభా లెక్కలు తీసుకుంటున్నాం. కోట్లలో చెప్పాలంటే 1951లో 36.1, 1961లో 43.9, 1971లో 54.8, 1981లో 68.3, 1991లో 84.6, 2001లో 102.9, 2011లో 121.1. ఏ (A) కాలమ్‌లో సంవత్సరం, బీ (B) కాలమ్‌లో కోట్లు. రెండూ సెలెక్ట్ చేసి కాలమ్ చార్ట్ అడిగితే చాలాసార్లు ఏం వస్తుందంటే, దాదాపు ఒకే ఎత్తులో ఏడు పెద్ద స్తంభాలు, వాటి కాళ్ల దగ్గర ఏడు పొట్టివి. పెద్దవి సంవత్సరాలు, పొట్టివి జనాభా. 1951 మనకు సంవత్సరం గానీ కంప్యూటర్‌కు అదీ ఒక అంకే. బడిలో వాడే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ కాల్క్‌లో చార్ట్ విజర్డ్ రెండో మెట్టుకు వెళ్లి ‘ఫస్ట్ కాలమ్ యాజ్ లేబుల్’ దగ్గర టిక్ పెడితే సంవత్సరాలు అడుగున పేర్లుగా దిగుతాయి. ఇంట్లో ఎక్సెల్ ఉంటే ఏ1 సెల్‌ని ఖాళీగా వదిలేసి మళ్లీ గీయమనండి, సర్దుకుంటుంది.

ఇక బిల్లుల సంగతి. పిల్లలు తేవాల్సింది రూపాయలు కాదు, మీటరు రీడింగు, అది తీసిన తేదీ. రూపాయల్లో పాత బాకీ, స్లాబు రేటు, ఇతర చార్జీలు కలిసిపోతాయి కాబట్టి వాడకం ఎంతో దాన్నిబట్టి తేలదు. ఏ కాలమ్‌లో నెల, బీలో తేదీ, సీలో రీడింగు రాస్తారు. డీ3లో =సీ3-సీ2 అనే ఫార్ములా వేసి (ఇంగ్లీషు అక్షరాల్లోనే) కింది మూలనున్న చిన్న చుక్కను పట్టుకుని కిందికి లాగితే నెలనెలా యూనిట్లు వస్తాయి. ఈ నెల రీడింగులోంచి పోయిన నెలది తీసేస్తేనే యూనిట్లు కదా, అందుకే పన్నెండు నెలల వాడకానికి పదమూడు రీడింగులు. మొదటి వరసలో యూనిట్ల చోటు ఖాళీగా ఉంటుంది, అది తప్పు కాదు.

అక్కడితో ఆపితే మళ్లీ మోసపోతాం. మీటరు చూసే మనిషి ప్రతి నెలా ఒకే తేదీకి రాడు. ఉదాహరణకు 28 రోజులకు 124 యూనిట్లు, ఆ తర్వాత 35 రోజులకు 140 యూనిట్లు వచ్చాయనుకోండి. చార్టులో రెండో స్తంభమే పొడుగు. రోజుకు లెక్కేస్తే మొదటిది 4.4, రెండోది 4. వాడకం తగ్గింది! అందుకని ఐదోదైన ఈ (E) కాలమ్‌లో యూనిట్లను రెండు తేదీల మధ్య రోజులతో భాగిస్తాం. ఆపైన కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఏ (A) కాలమ్‌నీ, ఈ (E) కాలమ్‌నీ మాత్రమే సెలెక్ట్ చేస్తే చాలు.

ఇంటికి తాళం ఉన్న నెల మీటరు చూడకుండా అంచనా లెక్క వేసి ఉండొచ్చు. ఆ నెల పక్కన ఒక గుర్తు పెట్టండి. బిల్లు దొరకకపోతే ఆ నెలవీ, తర్వాతి నెలవీ యూనిట్ల, రోజువారీ లెక్క సెల్స్ ఖాళీగా ఉంచాలి, సున్నా వేయకూడదు. సున్నా అంటే ఆ నెల ఇంట్లో దీపమే వెలగలేదని అర్థం. మీటరు మార్చిన ఇళ్లలో రీడింగు మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి స్తంభం తలకిందులై గీత కిందికి దిగుతుంది. మార్చిన తేదీ చెబితే మేం సరిచేయిస్తాం.

‘124 యూనిట్లు’ అని సెల్‌లో రాస్తే కంప్యూటర్ దాన్ని మాటగా తీసుకుంటుంది, చార్టులో అక్కడేమీ లేవదు. సెల్‌లో అంకె ఎడమవైపుకు అంటుకుని ఉంటే అనుమానించమని పిల్లలకు చెబుతున్నాం. ‘యూనిట్లు’ అన్న మాట శీర్షికలోకే వెళ్లాలి. తేదీలతోనూ ఇదే పేచీ. అమెరికా పద్ధతిలో సెట్ చేసి ఉన్న కంప్యూటర్ 05/07ని మే 7గా చదువుతుంది, 13/07ని అసలు తేదీగానే ఒప్పుకోదు. సెట్టింగుల్లో ఇంగ్లీష్ (ఇండియా) ఎంచుకుంటే సరి. కింద మొత్తం వేసిన వరసను కూడా సెలెక్ట్ చేస్తే తంగేడు మొక్కల మధ్య తాటిచెట్టులా ఒక్కటే లేస్తుంది, నెలలన్నీ నేలకు కరుచుకుంటాయి.

ఒక్కటి మీరూ చూడండి. 118, 121, 124 యూనిట్లకు చార్టు గీస్తే నిలువు గీత సున్నా నుంచి కాకుండా 114 దగ్గరో 115 దగ్గరో మొదలవ్వొచ్చు. ఆరు యూనిట్ల తేడా రెండింతలో మూడింతలో అయినట్టు కనిపిస్తుంది. గీత మీద రెండుసార్లు నొక్కి మినిమమ్ దగ్గర 0 వేయాలి. స్తంభాల చార్టుకు ఇది తప్పనిసరి. పేపర్లో, టీవీలో వచ్చే చార్టుల్లో కూడా ఈ గీత ఎక్కడ మొదలైందో పిల్లల్ని అడిగి చూడండి.

పిల్లలకు మోజు ‘పై’ (pie) చార్టు మీద, అంటే గుండ్రటి బొమ్మను ముక్కలుగా కోసే చార్టు. దాన్ని మొత్తంలో వాటాలకే వాడనిస్తాం, అదీ ఐదారు ముక్కలకు మించకుండా. పన్నెండు నెలల్ని పన్నెండు ముక్కలు చేస్తే ఏది పెద్దదో కంటికి ఆనదు. 3డి బొమ్మలు వద్దన్నాం, ముందున్న ముక్క ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. గీతల చార్టు కాలంతో మారేవాటికి. 1786లో స్తంభాల చార్టు అచ్చు వేసిన విలియం ప్లేఫేర్ కూడా స్కాట్లాండ్ వ్యాపారానికి ఒక్క ఏడాది లెక్కలే దొరకడంతో గీత గీయలేక స్తంభాలకు దిగాడు.

ల్యాప్‌టాప్ కొనకండి. లిబ్రెఆఫీస్ ఉచితం, ఫోన్‌లో గూగుల్ షీట్స్ కూడా సరిపోతుంది. చార్టు శీర్షికలు తెలుగులోనే, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్‌లో. అచ్చు షాపుల పాత ఫాంట్లలో టైపు చేసింది ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులవుతుంది.

ఒడిశా వైపు పర్లాకిమిడిలో ఒక ఇల్లు, ఆంధ్ర వైపు పాతపట్నంలో ఒక ఇల్లు ఉన్నవాళ్లు ఏదో ఒక మీటరుకే కట్టుబడండి, రెండూ కలపొద్దు. బిల్లులో ఒడియా చదవడం కష్టమైతే పిల్లల చేతికే ఇవ్వండి, వాళ్లు చదువుతారు. బిల్లు కాగితాలు బడికి పంపకండి. వాటి మీద మీ పేరు, కన్స్యూమర్ నంబరు ఉంటాయి. తేదీ, రీడింగు మాత్రం నోటుబుక్కులో పదమూడు వరసలుగా రాయించి సెలవుల ముందే పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు