బీపీ మాత్రల కోసం ప్రతి నెలా ఓపీ వరుస ఎందుకు? ఆరోగ్య మంత్రి గారికి ఒక ఫార్మసిస్టు లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును. ఈ లేఖ జీతాల గురించో, ప్రమోషన్ల గురించో కాదు. ఫార్మసిస్టులకు ఇప్పుడున్న దానికంటే ఎక్కువ పని అప్పగించండి, ఆ పనికి తగిన శిక్షణ, రాతపూర్వకమైన అధికారం ఇవ్వండి అని అడగడానికే రాస్తున్నాను.

మా ఓపీకి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి కొత్త జబ్బేమీ ఉండదు. పోయిన నెల వాడిన ఆమ్లోడిపిన్ (బీపీకి), మెట్‌ఫార్మిన్ (షుగర్‌కు) మాత్రలే ఈ నెలా కావాలి. వాటి కోసం ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టర్ గది ముందు ఇంకో వరుస, మందుల కిటికీ దగ్గర మళ్లీ వరుస. కూలి మానుకుని వచ్చిన మనిషికి సగం రోజు అక్కడే పోతుంది. డాక్టర్ గారికి జ్వరాలు, గర్భిణులు, పసిపిల్లలు అందరూ ఒకేసారి ఎదురుగా ఉంటారు కాబట్టి పాత మందులే మళ్లీ రాసి పంపక తప్పదు. ఈ తిరుగుడు పడలేక కొందరు మాత్రలు మానేస్తారు. బీపీ మాత్ర మానితే ఆ రోజుకు ఏమీ తెలియదు. కాలూ చెయ్యీ పడిపోయాకే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మందుల షాపులకు వర్తించే 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ చూడండి. షెడ్యూల్ హెచ్ మందును, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందును, ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి, అయితే మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరే చీటీలో రాస్తే ఇవ్వవచ్చు. ఎన్నిసార్లు, ఎన్ని రోజులకోసారి అన్నదీ డాక్టరే రాయవచ్చు. ఈ వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. మన ఊళ్లలో దాన్ని వాడుకునే డాక్టర్లు చాలా తక్కువ. బయటి షాపుకే ఇంత వీలున్నప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి ఎందుకుండకూడదు?

నేను అడిగేది ఇదీ. బీపీ, షుగర్ అదుపులో ఉన్న మనిషికి డాక్టర్ పరీక్ష చేసి ఆరు నెలల చీటీ రాయాలి. ప్రతి నెలా ఫార్మసిస్టు బీపీ చూసి, అవసరమైతే షుగర్ చూసి, కార్డులో రాసి మందులివ్వాలి. బీపీ 180/110 దాటినా, ఆమ్లోడిపిన్ వాడే వాళ్లకు పాదాల దగ్గర వాపు కనిపించినా, కళ్లు తిరుగుతున్నాయన్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాలి. మందు మార్చడం, డోసు పెంచడం డాక్టర్ పనే. ఆ అధికారం మేం కోరడం లేదు.

మందుల గురించి ఎవరూ కూర్చుని చెప్పకపోతే ఏం జరుగుతుందో కిటికీ దగ్గర రోజూ చూస్తుంటాను. ఆయాసానికి రోటాక్యాప్‌లు రాస్తే వాటిని మిషన్‌లో వేసి పీల్చాలని తెలియక నీళ్లతో మింగేసే వాళ్లు ఎంతమందో. "బిళ్లలు పని చేస్తలేవు సారూ" అని వాళ్లు వస్తే, మందు మార్చాలేమో అని ఎవరైనా అనుకుంటారు. మిషన్ చేతికిచ్చి ఎట్లా వాడుతున్నారో చూపించమంటే ఒక్క నిమిషంలో సంగతి బయటపడుతుంది. ఒకసారి ఓ పెద్దమ్మ ఇంట్లో ఉన్న మందులన్నీ క్యారీబ్యాగులో తెచ్చి నా ముందు కుమ్మరించింది. మేమిచ్చిన బీపీ మాత్ర టెల్మిసార్టాన్ ఉంది, పట్నంలో కొన్న వేరే కంపెనీ టెల్మిసార్టాన్ కూడా ఉంది. రంగు వేరు, పేరు వేరు కాబట్టి రెండూ వేసుకుంటోంది. వాటితోపాటు మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్. టెల్మిసార్టాన్, డైక్లోఫెనాక్ కలిస్తే ముసలివాళ్ల కిడ్నీలకు ముప్పు. ఆ సంచీ చూడటానికి పది నిమిషాలు పట్టింది. కిటికీ ముందున్న వరుస ఆ పది నిమిషాలూ నన్ను తిడుతూనే ఉంది.

2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత. కానీ మా రోజంతా ఇండెంట్లు, ఎక్స్‌పైరీ రిజిస్టర్లు, మందుల స్టాకు లెక్కల ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-ఔషధిలో ఎంట్రీలకే సరిపోతుంది. మందులు లెక్కపెట్టడానికి, స్టాకు చూడటానికి, ఎంట్రీలు చేయడానికి శిక్షణ పొందిన టెక్నీషియన్ ఒకరుంటే ఫార్మసిస్టు మనుషులతో మాట్లాడగలడు. అమెరికాలో ఐడాహో రాష్ట్రం 2017లోనే ఫార్మసీ టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి టీకాలు వేయనిచ్చింది. మనం అంత దూరం పోనక్కర్లేదు, స్టోరు బాధ్యతైనా అప్పగిద్దాం.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి ఏడు చిన్న జబ్బులకు డాక్టర్ చీటీ లేకుండా ఫార్మసిస్టే మందు ఇస్తున్నాడు. కెనడాలో అల్బర్టా 2007లోనే ఫార్మసిస్టులకు మందులు రాసే అవకాశం ఇచ్చింది. వాటిని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టమని నేననను. ఇంగ్లండ్ ఏడింటిలో కొన్నింటికి యాంటీబయాటిక్స్ కూడా ఉన్నాయి. మన దగ్గర చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మడమే పెద్ద జబ్బు. దాన్ని ఆపడానికే 2014 నుంచి షాపుల్లో షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే ఆ జాబితాలోని మందు ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో రాసే పుస్తకం, తప్పనిసరి చేశారు. కాబట్టి యాంటీబయాటిక్స్ ఈ ప్రతిపాదనలోకి రానేకూడదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. సర్టిఫికెట్లు కిరాయికిచ్చే ఫార్మసిస్టులున్న చోట ఇంకా అధికారాలా? నిజమే, ఆ జాడ్యం ఉంది. గోడకు సర్టిఫికెట్ వేలాడుతుంది, కౌంటర్లో మాత్రం టెన్త్ చదివిన కుర్రాడుంటాడు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివాళ్లు చీటీ మీద మందులివ్వడం నేరం. దాన్ని గట్టిగా అమలు చేయండి, కిరాయికిచ్చిన వాళ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయండి, మాకేమీ అభ్యంతరం లేదు. నేను ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలుపెట్టమనేది కూడా అందుకే. ఇక్కడ ఎక్కువ మందు ఇస్తే ఫార్మసిస్టుకు ఒక్క రూపాయి లాభం రాదు. అమ్ముకునే వాడే సలహా ఇస్తున్నాడన్న అనుమానానికి తావుండదు.

2008లో మొదలైన ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు ఆరేళ్లది. అందులో చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్. ఆసుపత్రి వార్డుల్లో తిరిగి, కేస్‌షీట్లు చదివి, మందుల మధ్య తేడాపాడాలు పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు చివరికి మెడికల్ కోడింగ్ కంపెనీల్లో చేరుతున్నారు. జిల్లా ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులివ్వాలని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఆ మొరా ఒకసారి వినండి.

డాక్టర్ల సంఘాలకు భయాలుంటాయి. వాళ్లను ముందే పిలిచి, ఏ మందులు, ఏ పరిమితులు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి అన్నవి వాళ్ల చేతే రాయించండి. ఒక్క జిల్లాలో ఏడాది నడిపి చూడండి. మాత్రలు మధ్యలో మానేసిన వాళ్లు తగ్గారో లేదో కార్డులే చెబుతాయి, తగ్గకపోతే ఆపేయండి. మొదలుపెట్టడానికి కావలసింది ఆరు నెలల చీటీ రాయవచ్చని ఒక సర్క్యులర్, కిటికీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బీపీ మిషన్. సర్క్యులర్ ఈ నెలలోనే ఇప్పించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఫార్మసిస్టు