‘ట్రీటెడ్’ అంటే సరిపోదు, ఏ మందో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

నాలుగేళ్ల కిందట బెంగళూరులో ఇల్లు కట్టుకున్నాం. టేకు కొనే స్తోమత లేక ద్వారబంధాలకు చవక కర్ర తీసుకున్నాం. ‘ట్రీటెడ్ సార్, పదేళ్ల గ్యారంటీ’ అన్నాడు దుకాణదారు. అంటే చెదలు, కుళ్లు పట్టకుండా మందు పట్టించిన కర్ర అని. మూడో వానాకాలానికి బాత్‌రూమ్ గుమ్మం అడుగున వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. హాలు గుమ్మానికి రంగు నిగనిగలాడుతూనే ఉంది, తడితే మాత్రం డొల్ల మోత. లోపలంతా చెదలే. ఏ మందు పట్టించారని అడిగితే దుకాణంలో ఎవరికీ తెలియదు. బిల్లులోనూ ‘ట్రీటెడ్ వుడ్’ అనే ఉంది.

మందు పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతులు లేక కాదు. కలప మీద పరిశోధనకే మా బెంగళూరు మల్లేశ్వరంలో ఒక కేంద్ర సంస్థ ఉంది. మందు పట్టించిన ముక్కల్నీ, పట్టించని ముక్కల్నీ తూచి, కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రం పెంచిన సీసాల్లో వారాల తరబడి ఉంచుతారు. తర్వాత ఆరబెట్టి మళ్లీ తూస్తారు. తగ్గిన బరువు శిలీంధ్రం తిన్నదన్న లెక్క. మందు లేని ముక్క బాగా తగ్గకపోతే ఆ పరీక్షే చెల్లదు. చెదల కోసమైతే గూటాల్లాంటి కర్రల్ని చెదలున్న నేలలో సగం పాతి ఏళ్ల తరబడి చూస్తారు. దీనికి ‘గ్రేవ్‌యార్డ్ టెస్ట్’, అంటే శ్మశాన పరీక్ష అని పేరు. మా గుమ్మాలకు బాగా నప్పే పేరు!

ముక్కల్ని ముందు నీళ్లలో నానబెట్టి మందు నిలుస్తుందో లేదో కూడా చూస్తారు. మా కొంప ముంచింది ఇక్కడేనని నా అనుమానం. బోరాక్స్ జాతి మందులు చెదలకూ, కుళ్లుకూ బాగానే పనిచేస్తాయి కానీ తడి తగులుతుంటే కరిగి కారిపోతాయి. బీరువాకు సరిపోయింది బాత్‌రూమ్‌కు సరిపోదు. 1933లో డెహ్రాడూన్‌లో సొంటి కామేశం అనే శాస్త్రవేత్త రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి చేసిన మందు దేశదేశాలకూ పాకింది అందుకే. అందులో క్రోమియం మిగతా రెంటినీ కర్రలో బిగించి ఉంచుతుంది. ఆర్సెనిక్ విషమన్న భయంతో 2003 చివరికి అమెరికాలో ఇళ్ల కలపకు దాన్ని మానేశారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఏ మందు ఉందో తెలియాలా వద్దా?

కలపకు మందు పట్టించడంపై ఐఎస్ 401 అనే భారతీయ ప్రమాణం ఉండనే ఉంది. మందు పేరు, ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు ఎక్కింది, బ్రష్‌తో పూశారా ప్రెషర్‌తో ఎక్కించారా, తడి చోట వాడొచ్చా అన్నవి బిల్లులో రాసి తీరాలని రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించాలి.

ఇంకోమాట. కొలతకు కోసిన చోట మందు తగలని చెక్క బయటపడుతుందనీ, అక్కడ మళ్లీ పూయాలనీ కొత్త గుమ్మాలు పెట్టిన వడ్రంగి చెప్పాడు. మొదటిసారి ఆ మాట మాకెవరూ చెప్పలేదు. అదీ బిల్లు మీదే అచ్చు వేయించాలి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు