వల కోసినవాడికి వల ఇప్పించండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడ కృష్ణలంకలో ఉంటాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బెజవాడ మనిషికి సముద్రంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మా పేట పక్కన పారే కృష్ణమ్మే హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాఘ పౌర్ణమికి అక్కడ సంగమ స్నానానికి వెళ్లడం మా ఇంట్లో అలవాటు.

ఈసారి స్నానం చేయకుండానే తిరిగొచ్చాను. పాలకాయతిప్ప దగ్గర బీచ్‌లోకి దిగగానే ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు కనిపించింది. చచ్చి ఒకటి రెండు రోజులై ఉంటుంది. కుక్కలు లాగుతుంటే పొట్టలోంచి గుడ్లు ఇసుకలోకి దొర్లుతున్నాయి, తెల్లగా, గుండ్రంగా. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తూ వస్తూ చచ్చిపోయిందది.

కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను, ఎందుకిలా అవుతోందని. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు: "వలలో పడ్డప్పుడు బతికే ఉంటదమ్మా. వల కొయ్యకుండా బయటికి రాదు. కోస్తే వల పోద్ది. అప్పు చేసి కొన్న వల. మాకది కూర్మావతారం, దండం పెట్టుకుంటాం. కానీ వల ఎవరు కొనిపెడతారు?"

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. మీ దగ్గర ఉంది. అందుకే ఈ లేఖ.

ముందు ఒక మంచి మాట చెప్పాలి. నాగాయలంక వైపు, సూర్యలంక వైపు అటవీశాఖ వాళ్లు హేచరీలు పెట్టి, రాత్రిళ్లు తీరం వెంట నడిచి, నక్కలూ కుక్కలూ తవ్వకముందే గుడ్లు తెచ్చి కంచెలో పాతిపెడుతున్నారు. ఒక్కో తాబేలు వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలే ఫోటోలు పేపర్లో చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

కానీ ఆ పిల్లల్లో పెద్దయ్యేవి వెయ్యికి ఒకటో రెండో అని అంచనా. ఆ ఒక్కటి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. 1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే శాస్త్రవేత్తలు అమెరికా తీరంలోని లాగర్‌హెడ్ తాబేళ్ల మీద ఒక లెక్క వేశారు. గుడ్లనూ పిల్లలనూ మొదటి ఏడాది ఒక్కటి కూడా పోకుండా కాపాడినా, పెద్ద తాబేళ్లు వలల్లో చస్తూ ఉంటే ఆ జాతి తగ్గుతూనే ఉంటుందని తేలింది. అంతవరకూ గుడ్లను కాపాడితే చాలనుకున్న వాళ్లందరి చూపూ ఆ తర్వాతే వలల మీదికి మళ్లింది. ఈ పాఠం నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేదాన్ని. పాలకాయతిప్పలో ఆ గుడ్లు చూశాక గానీ నాకే పూర్తిగా అర్థం కాలేదు. హేచరీలో మనం కష్టపడి వదిలే వెయ్యి పిల్లల ఫలితం ఒక తల్లి తాబేలు. దాన్ని ఒక్క పూటలో వలలో పోగొట్టుకుంటున్నాం.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. దానికి గుజరాత్‌లో ఎప్పుడో జవాబు దొరికింది.

వెరావల్, పోర్‌బందర్ తీరంలో తిమింగల సొరను (వేల్ షార్క్ అనే భారీ చేపను) ఒకప్పుడు వేటాడేవారు. దాని కాలేయం నూనె పడవలకు పూసేవారు, నీళ్లు పట్టకుండా. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేర్చి వేట నిషేధించారు. చట్టం వచ్చినా సొరలు వలల్లో చిక్కుకోవడం ఆగదు కదా. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అనే సంస్థ, అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి మత్స్యకారుల దగ్గరికి వెళ్లాయి. ప్రవచనకారుడు మొరారి బాపు వాళ్లకు ఒకే మాట చెప్పారు. ఇది మన తీరానికి పురిటికి వచ్చిన ఆడపిల్ల అని. ఆ చేపకు వ్హాలీ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే బంగారుతల్లి. మాటతో సరిపెట్టలేదు, వల కోసి సొరను వదిలిన వాడికి అటవీశాఖ వల డబ్బు ఇచ్చే ఏర్పాటు చేసింది. తర్వాత మత్స్యకారుల చేతికే కెమెరాలు ఇచ్చారు, వదిలినప్పుడు ఫోటో తీసి చూపిస్తే చాలని. అప్పటి నుంచి వందల సొరలను వాళ్ల చేతులతోనే వదిలిపెట్టారు. 2018 చివరి నుంచి మహారాష్ట్ర కూడా తాబేళ్లతో సహా రక్షిత జీవులను వల కోసి వదిలిన వాళ్లకు 25 వేల రూపాయల వరకు పరిహారం ఇస్తోంది.

మంత్రి గారూ, ఆలివ్ రిడ్లే కూడా తాను పుట్టిన తీరప్రాంతానికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది. పుట్టింటికి పురిటికి రావడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దేశం దాటి చూసినా ఇదే కనబడుతుంది. బ్రెజిల్‌లో 1980లో మొదలైన తమార్ ప్రాజెక్టు, అంతకు ముందు తాబేలు గుడ్లు ఏరుకుని బతికినవాళ్లకే తీరం కాపలా ఉద్యోగాలు ఇచ్చింది. కోస్టారికాలోని టోర్టుగేరోలో ఆర్చీ కార్ అనే శాస్త్రవేత్త పరిశోధనకు అండగా 1959లో పుట్టిన సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది. ఈనాడు ఆ ఊరి జనం టూరిస్టులకు తాబేళ్లను చూపించి సంపాదించుకుంటున్నారు. మనకు దగ్గర్లో చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లు కాపాడుతున్నారు. గ్రీన్‌పీస్ లాంటి పెద్ద సంస్థలు తిమింగలాల వేట మీద పోరాడి ప్రపంచాన్ని కదిలించాయి, వాళ్లంటే నాకు గౌరవం ఉంది. అయినా మన తీరానికి పనికొచ్చే దారి మాత్రం మత్స్యకారుడి గుమ్మం ముందు నుంచే పోతుందని నా నమ్మకం.

ట్రాల్ బోట్ల సంగతి వేరు. తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో పడితే పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై చస్తుంది. దీనికి టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అనే పరికరం ఉంది. వల గొంతు దగ్గర ఏటవాలుగా ఒక ఇనుప చట్రం బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కిటికీలోంచి బయటపడుతుంది. దీని మొదటి రూపాన్ని తయారుచేసింది జార్జియా తీరంలో రొయ్యలు పట్టుకునే సింకీ బూన్ అనే వేటగాడు. అదీ తాబేళ్ల కోసం కాదు, వలలో నిండిపోతున్న జెల్లీ చేపల బాధ పడలేక. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) శాస్త్రవేత్తలు మన వలలకు తగ్గట్టు, చేప ఎక్కువ పోకుండా ఒక టెడ్ తయారుచేసి పెట్టారు. టెడ్ వాడని దేశాల సముద్రపు రొయ్యను కొనకూడదని అమెరికాలో 1989 నుంచే చట్టం ఉంది. కొన్నేళ్లుగా మన సముద్రపు రొయ్యకు అక్కడ తలుపు మూసేశారు. మన చెరువుల రొయ్యకు ఆ నిషేధం లేదు కాబట్టి ఎగుమతిదారుల్లో పెద్దగా అలజడి లేదు. నష్టమంతా బోటు మీద బతికేవాడిదే. టెడ్ బిగించుకోమని బోట్లవాళ్లను బలవంతపెట్టే ముందు దయచేసి నాలుగు బోట్ల మీద వాళ్లతోనే వాడించి చూడండి. ఎంత చేప పోతుందో వాళ్లే లెక్క వేసుకుంటే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

మా ఊరి తప్పు కూడా ఒప్పుకోవాలి. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మా నగరం మధ్య నుంచే పోతాయి. మేం వంతెనల మీద నుంచి విసిరే కవర్లు, పూజ సామాను, నీళ్ల సీసాలు కిందికి కొట్టుకుపోయి చివరికి ఆ పెద్దాయన లాంటి వాళ్ల వలల్లోనే తేలతాయి. కేరళలో 2017లో నీండకర హార్బర్‌లో శుచిత్వ సాగరం అనే కార్యక్రమం మొదలుపెట్టారు. బోట్లవాళ్లు వలలో పడ్డ ప్లాస్టిక్‌ను తిరిగి సముద్రంలో పారేయకుండా ఒడ్డుకు తెస్తే, దాన్ని శుభ్రం చేసి, ముక్కలు చేసి రోడ్లకు వాడారు. నిజాంపట్నంలో, మచిలీపట్నం గిలకలదిండిలో అదే పని చేయవచ్చు. కాలువల్లో చెత్త ఆపే జాలీల సంగతి మీ శాఖది కాదని తెలుసు, దాని మీద నగరపాలక సంస్థకు వేరే రాస్తాను.

మీకు నా విన్నపం మాత్రం ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలంలో మీ ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేలు ఇస్తోంది. బ్యాంకు ఖాతాలు, బోటు నంబర్లు అన్నీ మీ శాఖ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అదే జాబితా మీద వల పరిహారం కూడా ఇవ్వవచ్చు. తాబేలు అటవీశాఖది, వల మత్స్యశాఖది అని ఫైలు అటూ ఇటూ తిరిగితే ఈ ఏడాది కూడా అయిపోతుంది, మహారాష్ట్రలో లాగా రెండు శాఖలూ ఒక్క జీవో మీద సంతకం పెట్టాలి. ఫోన్లో తీసిన ఫోటో, వీడియో సాక్ష్యంగా తీసుకోవాలి. ముఖ్యంగా, తాబేలు వలలో పడిందని చెప్పినవాడి మీద కేసు పెట్టబోమని ఆ జీవోలో స్పష్టంగా రాయాలి. ఇప్పుడు జైలు భయంతో చచ్చినదాన్ని చప్పుడు చేయకుండా నీళ్లలోకి తోసేస్తున్నారు.

జనవరిలో తాబేళ్లు మళ్లీ ఒడ్డుకు రావడం మొదలవుతుంది. ఈలోపు జీవో వస్తే, ఆ ఫారాలు నింపడానికి, ఫోటోలు అప్‌లోడ్ చేయడానికి నాగాయలంకలో వారానికి రెండు రోజులు కూర్చోవడానికి నేను సిద్ధం. నా పాత విద్యార్థులు పదకొండు మంది వస్తామన్నారు. మాకు జీతం అక్కర్లేదు, ఒక బల్ల, రెండు కుర్చీలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర లెక్చరర్,
కృష్ణలంక, విజయవాడ