టైటాన్‌పై మీథేన్: శాతంతోపాటు ఎత్తూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ గురించి ఇటీవల మీ విజ్ఞాన పుటలో వచ్చిన వార్తలో అక్కడి గాలిలో మీథేన్ 5 శాతం ఉందని రాశారు. మా బడి గ్రంథాలయంలోని పుస్తకంలో మాత్రం ఒకటిన్నర శాతమని ఉంది. ఏది తప్పని పదో తరగతి పిల్లలు అడిగారు. నిజానికి రెండూ ఒప్పే. నేలకు దగ్గరగా సుమారు 5 శాతం ఉండే మీథేన్, పైకి పోయేకొద్దీ విపరీతమైన చలికి ద్రవంగా మారి, గడ్డకట్టి వేరుపడిపోతుంది కాబట్టి, స్ట్రాటోస్ఫియర్‌కు (వాతావరణపు పై పొరకు) చేరేసరికి దాదాపు ఒకటిన్నర శాతమే మిగులుతుంది. ఏ ఎత్తున కొలిచారో చెప్పని శాతం సగం సమాచారమే.

ఏ పరికరంతో కొలిచారన్నదీ అంతే ముఖ్యం. 1944లో ఖగోళ శాస్త్రవేత్త జెరార్డ్ కైపర్ టైటాన్ కాంతి వర్ణపటంలో మీథేన్ గుర్తులు పట్టుకున్నారు. నైట్రోజన్ అటువంటి స్పష్టమైన గుర్తులు వేయదు కనుక, అక్కడి వాతావరణంలో అధిక భాగం అదేనని తేలడానికి 1980 నవంబరులో వాయేజర్ 1 వ్యోమనౌక దగ్గరగా వెళ్లేదాకా ఆగవలసి వచ్చింది. పరికరానికి కనబడలేదంటే ఆ వాయువు లేదని అర్థం కాదు.

2005 జనవరి 14న హైగెన్స్ నౌక టైటాన్‌పైకి పారాచూట్‌తో దాదాపు రెండున్నర గంటలపాటు దిగుతూ, గాలిని లోపలికి తీసుకుని, అణువులను విద్యుదావేశపరచి, ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించింది. నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండింటి ద్రవ్యరాశీ 28 కావడంతో ద్రవ్యరాశి ఒక్కటే చాలదు; అందుకే వాయువులను ముందుగా విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ గొట్టాలను కూడా అమర్చారు. నౌక నేలను తాకాక, వెచ్చగా ఉంచిన గాలిగొట్టం మొన వేడికి నేలలోని మీథేన్ ఆవిరై, దాని సంకేతం అంతకుముందుకంటే సుమారు 40 శాతం మేర పెరిగింది; నైట్రోజన్ సంకేతం మాత్రం మారలేదు. మైనస్ 179 డిగ్రీల చలిలోని ఆ నేల ద్రవ మీథేన్‌తో తడిసి ఉందని అలా తెలిసింది. ఇంత అందమైన కొలతను మీ వార్త ఒక్క ముక్కలోనూ ప్రస్తావించకపోవడం బాధ కలిగించింది.

ఆ వార్త శీర్షికలో ‘జీవం ఉందా?’ అని కూడా అడిగారు. కోనసీమ పిల్లలకు మీథేన్ కొత్త కాదు. నీళ్లు నిలిచిన వరిచేలలో సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి, మా చుట్టుపక్కల బావుల నుంచి తీసే సహజవాయువులోనూ అదే ప్రధానం. కాబట్టి ఆ ప్రశ్న వారికి వెంటనే పట్టుకుంటుంది. జీవులు తయారుచేసే మీథేన్‌లో తేలికైన కార్బన్ 12 వాటా కొంత ఎక్కువగా ఉంటుంది. హైగెన్స్ కొలతల్లో అలాంటి ఆధిక్యం కనబడలేదు. సూర్యకాంతికి మీథేన్ కోట్ల ఏళ్లలో విచ్ఛిన్నమైపోవాలి గనుక దాన్ని భర్తీచేసే మూలం ఏదో ఉండాలన్నది నిజమే. అయితే రాళ్లలోని పొటాషియం క్షయించగా పుట్టే ఆర్గాన్ 40 అక్కడి గాలిలో దొరికింది. అంటే వాయువులు లోపలి నుంచి వెలువడుతున్నాయన్న మాట; కనుక ఆ మూలం జీవమే కానక్కర్లేదు. శీర్షిక కింద ఈ రెండు వాక్యాలున్నా చాలేది.

నాసా వారి డ్రాగన్‌ఫ్లై నౌక 2028లో బయలుదేరి 2034లో టైటాన్ చేరాలన్నది ప్రణాళిక. అందులోనూ అణువులను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటరు ఉంటుంది కాబట్టి ఇటువంటి వార్తలు ఇంకా వస్తాయి. ఇకపై ప్రతి అంకె పక్కన ఎత్తు, పరికరం, కొలతలో ఉండగల తేడా కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను. ముందుగా, నేల నుంచి స్ట్రాటోస్ఫియర్ దాకా మీథేన్ ఎలా తగ్గుతుందో చూపే చిన్న గ్రాఫు ఒకటి వచ్చే విజ్ఞాన పుటలో వేయగలరు.

– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అమలాపురం