వార్షిక నివేదిక 2024–25: ఇంట్లో ఇబ్బంది పడుతున్న పెద్దవాళ్లకు తోడుగా

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా చేసే కార్యక్రమాలు ఈ ఏడూ చేశాం. కార్తీక వనభోజనాలు, ఉగాది పంచాంగ శ్రవణం, బీపీ షుగర్ పరీక్షల శిబిరం అన్నీ సజావుగానే జరిగాయి. వనభోజనాల్లో గోంగూర పచ్చడి చాలలేదన్న ఫిర్యాదు కార్యవర్గం దృష్టికి వచ్చింది. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసినవే. అందుకని ఈసారి నివేదికలో చోటంతా కొత్తగా తలకెత్తుకున్న పనికే ఇస్తున్నాను. సొంతవాళ్ల వల్ల, లేదా చూసుకోవడానికి పెట్టుకున్న మనుషుల వల్ల ఇబ్బంది పడుతున్న పెద్దవాళ్లను గుర్తుపట్టడం, వాళ్లకు సాయం దొరికేలా చూడటం.

జూన్ 15 వృద్ధుల మీద వేధింపుల గురించి ప్రపంచమంతా మాట్లాడుకునే రోజు. ఆ రోజు గుంటూరు బ్రాడీపేటలో సమావేశం పెట్టాం. అరవై దాటినవాళ్లలో దాదాపు ఆరుగురికి ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపు చూస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాట అనగానే హాల్లో అందరూ పక్కవాళ్ల మొహం చూశారు. "మా ఇంట్లో అట్టాంటివేం లేవండీ" అన్నవాళ్లే అంతా. టీలు అయిపోయి కుర్చీలు సర్దేటప్పుడు మాత్రం కొందరు వెనక ఆగి, గొంతు తగ్గించి నోరు విప్పారు. మైకు పెట్టి అడిగే విషయం కాదిది. గుడి దగ్గర పెట్టిన ఫిర్యాదుల పెట్టెలో కూడా డ్రైనేజీ గురించి, కుక్కల గురించే చీటీలు పడ్డాయి. తర్వాత తెలిసినవన్నీ ఇళ్లకు వెళ్లి కూర్చుని, కాసేపు ఊసులాడాక తెలిసినవే. ఎవరి వివరాలూ బయటపడకుండా కొన్ని మార్చి రాస్తున్నాను.

కొట్టడం, తిట్టడం మన వీధుల్లో లేకపోలేదు గానీ, ఎక్కువగా కనిపించింది వంతుల వ్యవహారం. నెలకొక కొడుకు దగ్గర ఉండే ఒక పెద్దావిడ సంచి చూశాం. రెండు చీరలు, విష్ణుసహస్రనామం పుస్తకం, ఖాళీ అయిన బీపీ మాత్రల షీటు. కొత్త మాత్రలు పెద్దబ్బాయి ఇంట్లో ఉండిపోయాయట, కళ్లజోడు చిన్నబ్బాయి ఇంట్లోనట. మందులు కొనాల్సింది నువ్వంటే నువ్వని ఇద్దరూ ఫోన్లో వాదించుకుంటుంటే ఆవిడ మధ్యలో మాత్రలు లేకుండానే గడిపింది. అడిగితే "బానే చూస్తన్నారులే అమ్మా" అనే చెప్పింది. ఇద్దరు కొడుకులూ చెడ్డవాళ్లు కారు. అయినా దీన్ని నిర్లక్ష్యం అనే అనాలని కార్యవర్గం అభిప్రాయం.

ఇక డబ్బు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలైంది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తున్నారు. వేలిముద్ర వేయించుకుని సచివాలయం మనిషి గడప దాటకముందే నోట్లు చేతులు మారే ఇళ్లున్నాయి. మనవడి ఫీజుకు ఇష్టంగా ఇవ్వడం వేరు. ఏటీఎం కార్డు, పిన్ను ఇంకొకరి దగ్గరుండి, కాఫీ పొడికి కూడా అడుక్కోవాల్సి రావడం వేరు. ఏ కాగితమో తెలియకుండా సంతకం పెట్టించడం, ఫోన్ చేస్తే ప్రతిసారీ ఇంకెవరో ఎత్తి "పడుకున్నారు" అనడం, అడిగిన ప్రశ్నకు ముందు పక్కనున్నవాళ్ల మొహం చూసి జవాబు చెప్పడం, ఏళ్లుగా గుడికి వచ్చే మనిషి ఉన్నట్టుండి మానేయడం కూడా గమనించదగ్గవే. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో మనిషిని పెట్టినచోట మరీ జాగ్రత్త. వీడియో కాల్‌లో ఆ మనిషి పక్కన లేనప్పుడు కూడా మాట్లాడమని ఆ పిల్లలకు చెప్పాం.

ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుంది. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లు "కోడలు నా గాజులు తీసింది" అనడమూ మామూలే, ఆ గాజులు బియ్యం డబ్బాలో దొరకడమూ మామూలే. అలాగని జబ్బు మనిషి మాటను కొట్టిపారేయడం కూడా కుదరదు, వాళ్లను మోసం చేయడమే తేలిక కాబట్టి. ప్రతిదానికీ కోడలిని అనడం కూడా మనకో అలవాటైంది. మంచాన పడ్డ అత్తగారికి రాత్రీపగలూ చేసే మనిషికి నిద్ర ఉండదు, చిరాకు రాకుండా ఎట్లా? అలాంటి రెండిళ్లలో ఆదివారం సాయంత్రాలు మన సభ్యులు వంతు వేసుకుని కూర్చుంటున్నారు. ఆ కాసేపు ఆ అమ్మాయి బయటికి వెళ్లొస్తుంది. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నా లెక్కన ఇదే మంచిది.

ఎక్కువ చర్చ జరిగింది ఆస్తి రాసివ్వడం గురించి. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి మానేసిన ఒక పెద్దాయన ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ చేశారు. తర్వాత ఆయన మంచం హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల కిందికి జరిగింది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఇలాంటివాళ్ల కోసమే. బాగోగులు చూడాలన్న షరతు మీద రాసిచ్చి, ఆ షరతు తప్పితే, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్, అంటే ఈ చట్టం కింద ఆర్డీవో గారి దగ్గర జరిగే విచారణలో, చెప్పవచ్చు. షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పులో అంది. మన పెద్దాయన దస్తావేజులో ఆ షరతు లేదు. "కొడుకే కదండీ, అదంతా ఎందుకు?" అన్నాడట దస్తావేజు రాసిన లేఖరి. ఆర్డీవో గారి దగ్గర అర్జీ వేయించాం, విచారణ నడుస్తోంది.

కాబట్టి సభ్యులకు గట్టిగా చెబుతున్నాం. రాసివ్వాలని ఉంటే వీలునామా రాయండి. అది మన తదనంతరమే అమల్లోకి వస్తుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇప్పుడే ఇవ్వక తప్పదనుకుంటే, బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, బాగోగులు చూసే షరతు దస్తావేజులో రాయించి, చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి. కొడుకు మొహమాటపడితే పడనివ్వండి.

పోషణ ఖర్చు కోసం కూడా ఆ ట్రిబ్యునల్‌కే వెళ్లాలి. అర్జీ పెట్టడానికి లాయరు అక్కర్లేదు. తాము వెళ్లలేకపోతే ఇంకొకరికో, మనలాంటి సంఘానికో రాసిచ్చి పెట్టించవచ్చు. నెలకు పదివేల దాకా ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని కూడా ఉంది, వాయిదాల సంగతి మీకు తెలియనిది కాదు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న, లేదా తమ తర్వాత అది దక్కే బంధువుల మీద అడగవచ్చు. పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అయితే "వాడి మీద కేసా? వద్దు బాబూ" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లు వద్దంటే మనం అర్జీ పెట్టలేదు, పెట్టం కూడా. ఇద్దరు పెద్దమనుషులం వెళ్లి కొడుకుతో కూర్చుని మాట్లాడితేనే కొన్నిచోట్ల సర్దుకుంది. మాత్రల పెట్టె ఒకటి కొని ఆవిడ సంచితోపాటే తిరిగేలా చేయడం లాంటి చిన్న ఏర్పాటు కూడా పనిచేసింది. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగొద్దు, 112కి చేయండి.

వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఉచిత న్యాయసాయానికి 15100. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సాయం దొరుకుతుంది. "డిజిటల్ అరెస్ట్" అంటూ పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి డబ్బు పంపమంటే అది మోసం, కట్ చేసి సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి. ఈ నంబర్లు పెద్దక్షరాల్లో అచ్చువేసిన కార్డు నివేదికతోపాటు ఇస్తున్నాం. ఫ్రిజ్ మీద కాకుండా మీ పర్సులో పెట్టుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఒంటరిగా ఉండే సభ్యులను ఇద్దరిద్దరుగా జతచేసి, పొద్దున్నే ఒకరికొకరు ఫోన్ చేసుకునే ఏర్పాటు దసరా నుంచి నడుస్తోంది. కోరిటెపాడు, అరండల్‌పేట వైపు ఇంకా జతలు కుదరలేదు. ఆర్డీవో కార్యాలయానికి పెద్దవాళ్లను బండి మీద తీసుకెళ్లి, కూర్చోబెట్టి, తిరిగి ఇంటిదగ్గర దించే కుర్రవాళ్లు కావాలి. రిటైరైన రెవెన్యూ ఉద్యోగులెవరైనా అర్జీలు రాయడానికి ముందుకొస్తే మరీ మంచిది.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది. సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి. ఆ రోజు ఒంటరిగా మాట్లాడదలచినవాళ్ల కోసం పక్కగది తెరిచి ఉంచుతాం, లోపల ఇద్దరు మహిళా సభ్యులు ఉంటారు.

ఇట్లు,
కార్యదర్శి