సురభి లడ్డూలు సరే, యజమాని సంగతేంటి?

ఎడిటర్ గారికి,

సురభి నాటక కంపెనీల గురించి ఏ పేపర్లో రాసినా చివరికి మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరెళ్ళే లడ్డూల దగ్గరే ఆగిపోతున్నారు. లడ్డూలు నాకూ ఇష్టమే, కాదనను. కానీ ఆ లడ్డూకి దారం కట్టినవాడికీ, దాన్ని తిన్నవాడికీ, గేటు దగ్గర టికెట్ చింపినవాడికీ రాత్రికి అన్నం పెట్టాల్సిన మనిషి ఒకడుంటాడు. కంపెనీ యజమాని. ఆయన గురించి ఎవరూ రాయరు.

చిన్నప్పుడు మా ఊరికి సురభి వాళ్ళొస్తే రెండు మూడు నెలలు ఉండేవాళ్ళు. రేకుల హాలు మా ఇంటి వెనక ఖాళీ స్థలంలోనే వేసేవాళ్ళు కాబట్టి నాకు నాటకం కన్నా తెర వెనకే ఎక్కువ తెలుసు. సాయంత్రం అందరూ మొహానికి రంగు పూసుకుంటుంటే యజమాని గారు మాత్రం బయట నిలబడి ఆకాశం చూసేవారు. మబ్బు పట్టిందంటే ఆయనకి టెన్షన్. వాన పడితే జనం రారు, జనం రాకపోతే కలెక్షన్ లేదు, కలెక్షన్ లేకపోయినా పొయ్యి వెలగాలి, స్థలం అద్దె కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, పసిపిల్లలకి పాలు తేవాలి. మర్నాడు పొద్దున మా అమ్మ దగ్గర బియ్యం బదులు తీసుకెళ్ళిన రోజులూ ఉన్నాయి, కలెక్షన్ రాగానే ముందు అవే తిరిగిచ్చేవారు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో ఈ కథ మొదలైంది. తోలుబొమ్మలాడించే కుటుంబాల వాళ్ళే బొమ్మలు పక్కనపెట్టి తామే వేషం కట్టారు. సురభిని మొదలుపెట్టిన వనారస గోవిందరావు గారి గొప్పతనం నటనలో ఎంతుందో గానీ, కుటుంబాన్నే కంపెనీగా మార్చడంలో మాత్రం చాలా ఉంది. మిగతా చోట్ల మగవాళ్ళు చీరలు కట్టుకుని ద్రౌపది వేషం వేస్తున్న కాలంలో ఆడవేషాలు ఇంటి ఆడవాళ్ళ చేతే వేయించారు. కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు విడిపోయి ఎవరి కంపెనీ వాళ్ళు పెట్టుకుంటే సురభి తగ్గిపోలేదు, ఒకప్పుడు 30కి పైగా కంపెనీలైంది. నా దృష్టిలో ఇది వ్యాపారమే, మంచి వ్యాపారం. ఆ మాటకి కళాకారులు నొచ్చుకోనక్కర్లేదు.

ఆ తర్వాత సినిమా వచ్చింది. 1932లో భక్త ప్రహ్లాద మన తొలి టాకీ అయితే అందులో లీలావతి వేసిన కమలాబాయి సురభి అమ్మాయే. జనాన్ని తీసుకెళ్ళే ముందు సినిమా మన హీరోయిన్‌నే తీసుకెళ్ళిందన్నమాట!

అంత దెబ్బ తర్వాత కూడా సురభి కంపెనీల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నిలబెట్టినవారు బాబ్జీ, అంటే రేకందార్ నాగేశ్వరరావు గారు. తాతల నాటి పౌరాణికాలు ఆడుకుంటూ కూర్చోకుండా బి.వి.కారంత్ లాంటి బయటి దర్శకుడితో పనిచేయించుకున్నారు, జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకం బస్తీ దేవత యాదమ్మగా సురభి తెరల మధ్యకొచ్చింది. 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో పోయారు.

మీరు ఈసారి సురభి మీద రాసేటప్పుడు మీ విలేకరిని నాటకం చూడ్డానికి కాకుండా పొద్దున పదింటికి హైదరాబాద్ లింగంపల్లిలోని సురభి కాలనీకి పంపండి. హాలు అద్దె ఎంత, లారీ కిరాయి ఎంత, రాత్రి ఎన్ని టికెట్లు తెగాయి అని అడిగి, ఆ లెక్క ఉన్నదున్నట్టు వేయండి. ఫొటో వేయాలనుకుంటే లడ్డూది వద్దు.

ఇట్లు,
ఒక పాత నేల టికెట్ ప్రేక్షకుడు